సెట్ అనే చిన్న ఇంగ్లీషు మాటకు అర్థాలు ఎన్ని? డిక్షనరీకో లెక్క ఎందుకు?

అశోక్‌నగర్ అభ్యర్థి:
అందరికీ నమస్తే. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను, అశోక్‌నగర్‌లో రూమ్. రాత్రి మా రూమ్‌లో పెద్ద వాదన నడిచింది. ఇంగ్లీషులో ఎక్కువ అర్థాలున్న మాట ఏది అని ఒక జీకే బిట్. ఒక మెటీరియల్‌లో జవాబు సెట్, 430 అర్థాలు అని ఉంది. ఇంకోదాంట్లో రన్, 645 అని ఉంది. సరే అని నా పాకెట్ ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ తీసి చూస్తే సెట్‌కి ఉంచు, అమర్చు, నిర్ణయించు, గట్టిపడు, అస్తమించు, జట్టు, సమితి... అంతే, నాలుగు లైన్లలో అయిపోయింది. పక్క మంచం మీద ఉండే అన్న దగ్గర లావుపాటి ఇంగ్లీష్-ఇంగ్లీష్ డిక్షనరీ ఉంది, అందులో పేజీ తిప్పినా సెట్ అర్థాలు అయిపోలేదు. మాట ఒకటే కదా, ఒకచోట ఏడెనిమిది, ఒకచోట వందలు ఎట్లా ఉంటాయి? పరీక్షలో ఏది పెట్టాలన్నది ఒక టెన్షన్ అయితే, అంతకంటే ఎక్కువగా ఈ తేడా ఎందుకో తెలుసుకోవాలని ఉంది. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

తార్నాక టీచర్:
బాబూ, ముందు ఆ రెండు అంకెల సంగతి చెప్తాను. రెండూ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీవే, కాని వేరువేరు కాలాలవి. 430 అన్నది 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో ముద్రణలో సెట్ క్రియకు ఇచ్చిన అర్థాల లెక్క. ఆ ఒక్క ఆరోపానికే, అంటే నిఘంటువులో ఆ మాట కింద రాసినదంతటికీ, దాదాపు 60,000 మాటలు పట్టాయి, ఒక చిన్న నవల అంత. ఇక 645 అన్నది రన్ క్రియది. మూడో ముద్రణ కోసం పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడు, 2011లో ఆ అంకె పత్రికల్లోకి వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రెండో ముద్రణ అంటే కొత్తగా రాసింది కాదు. 1884 నుంచి 1928 దాకా భాగాలుగా వచ్చిన మొదటి ముద్రణను, తర్వాత వచ్చిన అనుబంధ సంపుటాలను కలిపి కుట్టింది. అంటే అందులోని సెట్ చాలావరకు వందేళ్ళ కిందటి పని. రన్ మాత్రం కొత్తగా, మొదటి నుంచి మళ్ళీ వెతికి, మళ్ళీ విడగొట్టి రాసింది. 2011 నాటికి సెట్‌కి ఆ వంతు రాలేదు. పాత కొలతతో కొలిచిన దాన్నీ కొత్త కొలతతో కొలిచిన దాన్నీ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదంటే ఏం చెప్తాం? మీ రెండు మెటీరియళ్ళూ ఆ పనే చేశాయి.

ఇక పాకెట్ డిక్షనరీకీ ఆక్స్‌ఫర్డ్‌కీ తేడా అంటావా, అవి చేసే పనులే వేరు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు చరిత్ర రాస్తుంది. ఒక మాట ఏ అర్థంలో మొదట ఎప్పుడు కాగితం మీద కనబడింది, తర్వాత ఎటు తిరిగింది, ఎప్పుడు వాడుక పోయింది, అన్నిటికీ తేదీలతో ఉదాహరణలు చూపిస్తుంది. ఎప్పుడో చచ్చిపోయిన అర్థాన్ని కూడా వదలదు. నీ చేతిలోదానికి ఆ బాధ్యత లేదు.

చాయ్ బిస్కెట్ సికింద్రాబాద్:
టీచర్ గారూ, అంతా బాగుంది, బిట్ వస్తే మాత్రం ఏది పెట్టాలి?

తార్నాక టీచర్:
ప్రశ్నలో ఏ నిఘంటువు, ఏ ముద్రణ అని ఉంటే దాన్నిబట్టి. 1989 ముద్రణ అంటే సెట్. సవరించిన ఆన్‌లైన్ ముద్రణ అంటే రన్. ఏదీ చెప్పకుండా అడిగితే ప్రశ్న సరిగ్గా తయారుచేయలేదని అర్థం. అప్పుడు ఆప్షన్లలో రెండిట్లో ఏది ఉందో చూసి పెట్టడమే.

అబిడ్స్ ఆదివారం:
ఈ లెక్కల గొడవ ఆక్స్‌ఫర్డ్‌తో మొదలవ్వలేదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు వేసినప్పుడే ముందుమాటలో ఈ బాధ చెప్పుకున్నాడు. గెట్, గివ్, డూ, పుట్, సెట్, గో, రన్, మేక్, టేక్, టర్న్... ఇట్లాంటి చిన్న మాటల పేర్లు వరసగా రాసి, వీటి అర్థాలకు హద్దులు గీయడం ఎంత కష్టమో వివరించాడు. 42 వేల పైచిలుకు మాటలున్న పుస్తకంలో ఆయన్ని ఇబ్బంది పెట్టినవి నోరు తిరగని లాటిన్ మాటలు కావు, చంటిపిల్లలు మాట్లాడే మాటలు. టేక్ ఒక్కదానికే 134 అర్థాలు ఇచ్చాడాయన.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట పాత డిక్షనరీలు బాగా దొరుకుతాయి. నేను ఏది కొన్నా ముందు సెట్, గెట్, పుట్ ఉన్న పేజీలు తీసి చూస్తాను. పెద్ద మాటలకు అర్థం ఎవరైనా రాస్తారు, అవి ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి ఎత్తి రాసినట్టే ఉంటాయి. చిన్న మాట దగ్గరే సంపాదకుడి కష్టం తెలుస్తుంది. అర్థానికో చిన్న వాక్యం ఇచ్చాడా, లేక పర్యాయపదాలు కామాలు పెట్టి పేర్చి వదిలేశాడా? తమ్ముడి పాకెట్ డిక్షనరీ రెండో రకం. ‘ఉంచు, అమర్చు, గట్టిపడు’ అని వరసగా ఇస్తే ఏది ఎక్కడ వాడాలో చదివేవాడికి ఎట్లా తెలుస్తుంది?

సైట్ ఇంజినీర్ కూకట్‌పల్లి:
‘గట్టిపడు’ అన్నారు కాబట్టి నా రంగం సంగతి చెప్పాలి. సిమెంట్ విషయంలో సెట్ అంటే గట్టిపడడం కాదు. చాలామంది ఇంజినీరింగ్ పిల్లలు కూడా ఇక్కడే తడబడతారు. సెట్టింగ్ వేరు, హార్డెనింగ్ వేరు. నీళ్ళు కలిపిన సిమెంటు ముద్ద మెత్తదనం పోయి బిగుసుకోవడం సెట్టింగ్. బిగుసుకున్నది రోజులు గడిచేకొద్దీ బలం పుంజుకోవడం హార్డెనింగ్. ఇది 28 రోజుల దాకా చూస్తాం, ఆ తర్వాత కూడా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది.

ల్యాబ్‌లో దీనికి వికాట్ పరికరం అని ఉంటుంది. 40 మిల్లీమీటర్ల లోతున్న అచ్చులో సిమెంటు ముద్ద నింపి పైనుంచి సన్న సూది వదులుతాం. మొదట్లో అడుగుదాకా సర్రున దిగిపోతుంది. కొంతసేపటికి అడుగు ఇంకా 5 మిల్లీమీటర్లు ఉందనగా ఆగిపోతుంది. అదీ ఇనీషియల్ సెట్. మామూలు సిమెంటుకు ఇది 30 నిమిషాల కంటే ముందు రాకూడదని ఇండియన్ స్టాండర్డ్, ఫైనల్ సెట్ 600 నిమిషాలు దాటకూడదు. అంటే సెట్ అన్న మాటకు మా దగ్గర గడియారం పెట్టి కొలిచే అర్థం ఉంది. మేస్త్రీలు ‘మాల్ పట్టేసింది’ అంటారు, అదే సరైన తెలుగు. పట్టేసిన మాల్‌లో మళ్ళీ నీళ్ళు పోసి కలిపి వాడొద్దని ఎంత చెప్పినా కొందరు వినరు, ఆ గోడ ప్లాస్టరింగ్ తర్వాత పెచ్చులూడుతుంది. కాబట్టి డిక్షనరీలో ‘గట్టిపడు’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే సైట్ మీద అది తప్పుదారి పట్టిస్తుంది.

వనస్థలిపురం వంటిల్లు:
ఇంజినీర్ గారూ, మా వంటింట్లో కూడా అంతేనండి. సూపర్‌మార్కెట్‌లో కప్పుల మీద సెట్ కర్డ్ అని రాసి ఉంటుంది. అక్కడ సెట్ అంటే గట్టి పెరుగు అని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి ఏంటంటే పాలల్లో తోడు కలిపి నేరుగా ఆ కప్పులోనే పోసి, అందులోనే తోడుకోనిస్తారు. పెద్ద ట్యాంకులో తోడు పెట్టి, తర్వాత కలియబెట్టి నింపేది ఇంకో రకం. గరిట పెట్టగానే ముక్కలా తెగివస్తే, దాని చుట్టూ కాస్త నీటి తేట ఊరితే, అది కప్పులో తోడుకున్న పెరుగు. కలియబెట్టిన పెరుగు జారుతుంది. మా అమ్మ రాతెండి గిన్నెలో పెట్టేది అచ్చంగా సెట్ కర్డే, ఆమెకి ఆ పేరు తెలీదంతే. దీనికి తెలుగు ‘గట్టిపడు’ కాదు, ‘తోడుకొను’.

ఇంకోటి. తోడు అన్న మాటే చూడండి. పాలల్లో వేసేది తోడు, మనకి అండగా ఉండే మనిషి తోడు, బావిలో నీళ్ళు తోడు. మరి వీటిని మన నిఘంటువులు ఒక మాట కింద రాయాలా, మూడు మాటలుగా రాయాలా?

తార్నాక టీచర్:
అమ్మా, అసలైన చోటికే వచ్చారు. మాట ఒకటే అయి అర్థాలు చీలాయా, లేక వేరువేరు మాటలు పలుకులో కలిసిపోయాయా అన్నది నిఘంటుకారుడు ముందు తేల్చుకోవాలి. సెట్‌లోనే ఆ రెండూ ఉన్నాయి.

సెట్ అనే క్రియ పాత ఇంగ్లీషు సెట్టన్ నుంచి వచ్చింది. అది సిట్టన్‌కి, అంటే ఇప్పటి సిట్‌కి, ప్రేరణార్థకం. కూర్చోవడం సిట్, కూర్చోబెట్టడం సెట్. ఇదే వరసలో ఫాల్ అంటే పడడం, ఫెల్ అంటే చెట్టును పడగొట్టడం. రైజ్ అంటే లేవడం, రెయిజ్ అంటే లేపడం, అవీ అట్లాంటి జంటే. మనకు తిను, తినిపించు లాంటి జతలు ఇప్పటికీ సజీవంగా ఉన్నాయి కాబట్టి చట్టున అర్థమవుతుంది. ఇంగ్లీషులో ఆ పద్ధతి ఎప్పుడో ఆగిపోయి ఇట్లాంటి కొన్ని జంటలు మిగిలాయి.

కాని టీ సెట్, మ్యాథ్స్ సెట్, ‘వాళ్ళదో సెట్’ అనేటప్పుడు వచ్చే నామవాచకం మూలం వేరు. అది పాత ఫ్రెంచి సెట్ నుంచి, దాని వెనక లాటిన్ సెక్టా నుంచి వచ్చింది. ఒకరి వెంట నడిచే గుంపు అని అర్థం. శాఖ, మతశాఖ అనే అర్థమున్న సెక్ట్ దానికి తోబుట్టువు. తర్వాత క్రియ ప్రభావం కూడా దాని మీద పడి రెండూ కలగలిసిపోయాయి. అందుకే కొన్ని డిక్షనరీల్లో సెట్ పక్కన చిన్న 1, 2 అంకెలు వేసి విడివిడి ఆరోపాలుగా ఇస్తారు, కొన్నింట్లో అన్నీ ఒకేచోట పోస్తారు. అభ్యర్థీ, నీ లెక్క మారిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

చార్మినార్ దక్కనీ:
టీచర్ గారూ, సెట్ సంగతి వింటుంటే మా ఉర్దూ లగ్‌నా, లగానా గుర్తొస్తున్నయ్. లగ్‌నా అంటే తగలడం, అంటుకోవడం. లగానా దానికి ప్రేరణార్థకం, తగిలించడం, అంటించడం. భూక్ లగీ అంటే ఆకలేసింది, చోట్ లగీ అంటే దెబ్బ తగిలింది, ఆగ్ లగీ అంటే నిప్పంటుకుంది, దిల్ లగా అంటే మనసు పడింది, అచ్ఛా లగా అంటే బాగనిపించింది. ఇంక లగానా తీసుకుంటే తాళం లగానా, పందెం లగానా, చెట్టు లగానా. ప్లాట్స్ అనే ఆయన 1884లో వేసిన ఉర్దూ డిక్షనరీలో చూస్తే వీటి వరస ఆగదు. పాతబస్తీలో తెలుగు మాట్లాడేటోళ్ళు కూడా ‘లగాయించు’ అని దర్జాగా వాడతరు. ఇంత చిన్న మాట మీద ఇంత బరువు ఎందుకు పడుతదో నాకైతే ఇట్లా అనిపిస్తది: తగలడం, పెట్టడం, నడవడం అనేవి చేతులతో కాళ్ళతో చేసే పనులు. కొత్తది ఏదొచ్చినా వాటితోనే చెప్పుకుంటం.

మల్కాజిగిరి మాట:
దక్కనీ అన్న చెప్పింది నిజం. తెలుగులో దానికి సరిజోడు ‘పెట్టు’. అన్నం పెట్టు, బొట్టు పెట్టు, పేరు పెట్టు, తాళం పెట్టు, ఎసరు పెట్టు, గుడ్డు పెట్టు, పందెం పెట్టు, ముహూర్తం పెట్టు, కేసు పెట్టు, బేరం పెట్టు, చెవులు పెట్టి విను. గొడ్డలిపెట్టులో పెట్టు అంటే దెబ్బ. దీనికి అర్థాలు ఎన్ని అని అడిగితే ఒక్కటే అని కూడా చెప్పొచ్చు, ‘ఒకదాన్ని ఒకచోట ఉండేలా చేయు’ అని. నలభై అని కూడా చెప్పొచ్చు. నిఘంటువులు రాసేవాళ్ళలో ఈ రెండు రకాలూ ఉంటారు. కలిపేవాళ్ళు, విడగొట్టేవాళ్ళు. ఒకే మాటకి ఇద్దరిచ్చే లెక్కలు ఎన్నటికీ కలవవు, ఇద్దరి పనీ సరైనదే కావచ్చు.

అర్థం ఒకటా రెండా అని తేల్చడానికి భాషాశాస్త్రంలో ఒక పరీక్ష ఉంది, తెలుగులో చేసి చూడండి. ‘ఆమె పిల్లాడికి అన్నమూ కూరా పెట్టింది.’ ఎక్కడా ఇబ్బంది లేదు, కాబట్టి ఆ రెండు పెట్టులూ ఒకటే. ‘ఆమె పిల్లాడికి పేరూ అన్నమూ పెట్టింది.’ వినగానే తేడాగా ఉంది కదా? ఒకే క్రియను రెండింటికీ పంచితే వాక్యం కుంటుతోంది, అంటే అవి వేరు అర్థాలు. మరి ‘బొట్టూ కాటుకా పెట్టింది’ బాగుంది. ‘బొట్టూ తాళమూ పెట్టింది’ బాలేదు. కాని మధ్యలో కొన్ని తగులుతాయి, ‘మంచమూ దీపమూ పెట్టింది’ లాంటివి. ఇది ఒకరికి బాగుంటుంది, ఒకరికి ఉండదు. ఆ మధ్యలో ఉన్నవాటి దగ్గరే ఒక సంపాదకుడు గీత గీస్తాడు, ఇంకొకాయన గీయడు. 430 అన్నా 645 అన్నా అట్లా గీసిన గీతల లెక్కే, చెట్టుకున్న కాయల లెక్కలాంటిది కాదు.

చాయ్ బిస్కెట్ సికింద్రాబాద్:
‘మంచమూ దీపమూ పెట్టింది’ నాకు బాగానే ఉంది 🙂

మల్కాజిగిరి మాట:
మా ఇంట్లో అడిగితే ఇద్దరు బాగుందన్నారు, ఒకరు ఒప్పుకోలేదు. నిఘంటువు ఆఫీసుల్లో కూడా ఇదే గొడవ ఉంటుంది బ్రదర్.

అబిడ్స్ ఆదివారం:
ఒక చిన్న సంగతి. ఇంగ్లీషు రన్‌ని మనం చాలాచోట్ల పరుగుగా తీసుకోం, నడకగా తీసుకుంటాం. షాపు నడుపుతున్నాడు, బస్సు నడుస్తోంది, కేసు నడుస్తోంది, సంసారం నడిపిస్తోంది. ఇంగ్లీషువాడు వీటన్నిటినీ రన్‌తో చెప్పగలడు. పాకెట్ డిక్షనరీ రన్ దగ్గర మొదట ‘పరుగెత్తు’ అనే రాస్తుంది, పిల్లలు అదే బట్టీ పడతారు. కంపెనీని పరుగెత్తించాడు అని ట్రాన్స్‌లేషన్లు వచ్చేది అందుకే.

నాంపల్లి ప్లీడర్:
ఆలస్యంగా చూశాను. అర్థం తేడా వల్ల మనుషులు నిజంగా నష్టపోయే చోటు ఒకటి చెప్తాను. కోర్టులో సెట్ అసైడ్ అనే మాట రోజూ వింటాం. మామూలు ఇంగ్లీషులో సెట్ అసైడ్ అంటే పక్కన పెట్టడం, డబ్బు కొంత విడిగా తీసిపెట్టడం లాంటివి. చట్టంలో ఒక తీర్పును, డిక్రీని, అవార్డును చెల్లకుండా చేయడం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 9 రూల్ 13 దీనికే ఉంది. మనిషి కోర్టుకు రానప్పుడు అతని మీద ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీని సెట్ అసైడ్ చేయమని అడగొచ్చు. తగిన కారణం చూపించాలి. గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లే సరిగా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు.

ఒక పెద్దాయన ఇంటి స్థలం గొడవలో మా ఆఫీసుకు వచ్చారు. తనకు అనుకూలంగా వచ్చిన డిక్రీని కోర్టు సెట్ అసైడ్ చేసిందని ఎవరో ఆయనకు ‘పక్కన పెట్టారు’ అని తెలుగులో చెప్పారు. ఆయన దాన్ని ‘ప్రస్తుతానికి ఆపారు, తర్వాత చూస్తారు’ అని అర్థం చేసుకున్నారు. డిక్రీ చేతిలో ఉందనే ధైర్యంతో ఉన్నారు. అసలు జరిగిందేమిటంటే డిక్రీ పోయింది, దావా మళ్ళీ మొదలైంది, తేదీలు నడుస్తున్నాయి. ఆయన తప్పేముంది చెప్పండి? తెలుగులో ‘ఆ విషయం పక్కన పెట్టు’ అంటే వాయిదా వేయమనే కదా ఎవరైనా అనుకునేది.

ఇంకా సెట్ ఆఫ్ ఉంది. బయట అంటే ప్రయాణం మొదలుపెట్టడం. అదే కోడ్‌లో ఆర్డర్ 8 రూల్ 6 కింద, డబ్బు దావాలో ప్రతివాది ‘అతనూ నాకు ఇంత బాకీ ఉన్నాడు, అది మినహాయించండి’ అని అడగడం. జనరల్ డిక్షనరీ ఒక్కటే పెట్టుకుని లీగల్ ట్రాన్స్‌లేషన్ చేయొద్దు అని మా జూనియర్లకు చెప్పేది ఇందుకే.

నైట్ డెస్క్:
ప్లీడర్ గారు చెప్పింది పూర్తిగా నిజం, పత్రికల్లో పనిచేసేవాడిగా బాధగా ఉంటుంది ఇది చదివితే. రాత్రి పదకొండింటికి ఏజెన్సీ కాపీ వస్తుంది, హైకోర్టు సెట్ అసైడ్ చేసింది అని. హెడ్డింగ్‌లో చోటు ఉండదు. ‘పక్కన పెట్టిన హైకోర్టు’ అని పడిపోతుంది. నేను ‘కొట్టివేత’ అని మారుస్తుంటాను. అందులోనూ ఒక చిక్కుంది. పిటిషన్ కొట్టివేత అంటే డిస్మిస్, తీర్పు కొట్టివేత అంటే సెట్ అసైడ్. ఏది కొట్టేశారన్నది హెడ్డింగ్‌లో లేకపోతే గెలిచినవాడు ఓడినట్టు కనబడతాడు. ‘రద్దు’ కొంత నయం, సార్ ఏమంటారు?

నాంపల్లి ప్లీడర్:
‘రద్దు’ బాగుంది. ‘డిక్రీ రద్దు, మళ్ళీ విచారణ’ అని రాయగలిగితే ఇంకా మంచిది, ఎక్స్‌పార్టీ కేసుల్లో చదివేవాడికి కావల్సింది ఆ రెండో ముక్కే.

లెక్కల మాస్టారు ఉప్పల్:
సమితి అన్న మాట వచ్చింది కాబట్టి. తెలుగు మీడియంలో సెట్స్ అంటే సమితులు. పిల్లలకు మొదట్లో ఐక్యరాజ్య సమితి, మండలాలు రాకముందు పెద్దలు చెప్పే పంచాయతీ సమితి గుర్తొస్తాయి, సమితి అంటే మనుషులుండేది అనుకుంటారు. శూన్య సమితి అనగానే ఎవరూ లేని సంఘం ఎట్లా ఉంటుంది సార్ అని అడుగుతారు. మంచి ప్రశ్నే అది. గణితంలో సమితికి ఒక్కటే షరతు, ఒక వస్తువు అందులో ఉందో లేదో కచ్చితంగా చెప్పగలగాలి. ‘పదో తరగతి ఏ సెక్షన్ పిల్లలు’ సమితి అవుతుంది, ‘మంచి పిల్లలు’ అవదు. ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా టీ సెట్, డిన్నర్ సెట్ దగ్గరే ఆగిపోతారు. ఆ సెట్‌లో వస్తువులు ఒకదానికొకటి జత కుదరాలి, గణితంలో అక్కర్లేదు. ఒక పెన్సిలు, చందమామ, 7 కలిపినా సమితే.

ఇంకో మాట, మన లిపిలో రాస్తే ఇంకా కలుస్తాయి. ఒకప్పటి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), ఐసెట్‌లలో సెట్ అంటే ఉమ్మడి ప్రవేశ పరీక్ష. లెక్చరర్ల అర్హత కోసం ఉస్మానియా నిర్వహించే సెట్ ఇంకోటి. ఇంగ్లీషు అక్షరాల్లో ఇవి వేరు, తెలుగులో ఒకటే. రేపు వాడుక తెలుగు నిఘంటువు ఎవరైనా వేస్తే సెట్ దగ్గర కనీసం రెండు ఆరోపాలు వేయాలి.

చాయ్ బిస్కెట్ సికింద్రాబాద్:
వేస్తే మన సొంత అర్థాలు కూడా వేయాలి మాస్టారూ. ‘ఈ కలర్ నీకు సెట్ అవ్వదు’, ‘వాళ్ళిద్దరికీ సెట్ అయింది’, ‘ఆ పని నేను సెట్ చేస్తా’. వీటిలో సెట్ అంటే నప్పడం, కుదరడం, కుదర్చడం. ఇంగ్లీషువాళ్ళు రంగు గురించి అట్లా అనరు. అమీర్‌పేటలో మాత్రం రోజూ వినబడుతుంది.

తార్నాక టీచర్:
చాలా మంచి గమనిక. అరువు మాట మన దగ్గరికొచ్చి కొత్త అర్థం తెచ్చుకుంటే అది తెలుగు మాటే, దాన్ని తప్పు ఇంగ్లీషు అని కొట్టేయకూడదు.

అశోక్‌నగర్ అభ్యర్థి:
ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు చాలా థ్యాంక్స్. రూమ్‌లో అందరం కలిసి చదివాం. రెండు అడుగుతాను. ఒకటి, నాలాంటివాడు ఏ రకం డిక్షనరీ కొనాలి? రెండు, కరెంట్ అఫైర్స్‌లో మాన్‌సూన్ సెట్ ఇన్ అని వచ్చింది, నా పాకెట్ డిక్షనరీలో సెట్ ఇన్ లేనే లేదు. మొదలైంది అని రాసుకోవచ్చా?

తార్నాక టీచర్:
మొదటిదానికి: లెర్నర్స్ డిక్షనరీ కొను, కొత్తదే కానక్కర్లేదు, అబిడ్స్‌లో దొరికేది చాలు. ఇంగ్లీషు పరాయి భాష అయినవాళ్ళ కోసం వేసినవి అవి. ఈ దారి వేసింది హార్న్‌బీ, జపాన్‌లో ఇంగ్లీషు చెప్తూ తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. ఇప్పటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్‌కి మూలం అదే. లాంగ్‌మన్ 1978లో ఇంకో మంచి పని చేసింది, దాదాపు 2,000 తేలిక మాటలతోనే అర్థాలన్నీ రాసింది. చరిత్ర నిఘంటువు పాత అర్థాన్ని ముందు ఇస్తుంది, ఇవి ఎక్కువగా వాడే అర్థాన్ని ముందు ఇస్తాయి. తెలుగు మాట కావాలనుకున్నప్పుడు ఆంధ్రభారతి సైట్ చూడు, పాత నిఘంటువులు చాలా ఒక్కచోటే వెతకొచ్చు. ముందు ఇంగ్లీషు వాక్యంలో అర్థం పట్టుకో, ఆ తర్వాతే తెలుగు.

రెండోదానికి కాస్త ఎక్కువ చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన విషయం. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ సింక్లెయిర్ ఆధ్వర్యంలో కోబిల్డ్ అనే డిక్షనరీ 1987లో వచ్చింది. వాళ్ళు పాత డిక్షనరీలు ముందు పెట్టుకుని రాయలేదు. పుస్తకాలు, పత్రికల్లోంచి లక్షల వాక్యాలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కో మాటా ఏ మాటల పక్కన వస్తోందో చూశారు. సెట్ ఇన్ పట్టుకుని చూస్తే సింక్లెయిర్‌కి ఒకటి కనబడింది. దాని ముందు వచ్చే మాటలు దాదాపు అన్నీ చెడువే. కుళ్ళు, క్షీణత, ఇన్‌ఫెక్షన్, నిరాశ లాంటివి. ఆనందం సెట్ ఇన్ అయిందని, ఆరోగ్యం సెట్ ఇన్ అయిందని మామూలుగా ఎవరూ రాయరు. మొదలవడం ఒక్కటే కాదు, వద్దనుకున్నది వచ్చి తిష్ఠ వేయడం. అప్పటిదాకా డిక్షనరీల్లో ‘మొదలగు’ అని ఉండేది, ఈ చెడు వాసన సంగతి రాసేవాళ్ళు కాదు. అర్థాలు 430 అని లెక్కపెట్టినా ఇది ఆ లెక్కలో కనబడదు.

వానకాలానికి మాత్రం సెట్ ఇన్ మామూలుగానే వాడతారు, వచ్చి కొన్నాళ్ళు ఉండిపోతుందని. కాబట్టి నీ వాక్యానికి ‘రుతుపవనాలు ప్రవేశించాయి’ సరిపోతుంది, మన పేపర్లలో కూడా అదే రాస్తారు.

నైట్ డెస్క్:
టీచర్ గారూ, సెట్ ఇన్‌కి తెలుగులో ‘పట్టుకొను’ సరిగ్గా కుదురుతుంది చూడండి. ముసురు పట్టుకుంది, జ్వరం పట్టుకుంది, దిగులు పట్టుకుంది, బెంగ పట్టుకుంది. పైరుకి చీడ పట్టింది, కలపకి చెద పట్టింది. మనకి కూడా అందులో మంచివి తక్కువే.

సైట్ ఇంజినీర్ కూకట్‌పల్లి:
గోడకి చెమ్మ పట్టింది, ఇనుముకి తుప్పు పట్టింది కూడా రాసుకోండి. సిమెంట్ రిపోర్టుల్లో కరోజన్ సెట్ ఇన్ అని రాస్తూనే ఉంటాం.

మల్కాజిగిరి మాట:
‘అదృష్టం పట్టింది’ ఒకటి ఉంది కదా.

నైట్ డెస్క్:
ఉంది. దాని పక్కనే ‘శని పట్టింది’ కూడా ఉంది. కాని ‘పట్టింది’ వేరు, ‘పట్టుకుంది’ వేరు. అదృష్టం పట్టుకుంది అని ఎవరైనా అనడం విన్నారా?

మల్కాజిగిరి మాట:
వినలేదు. శని మాత్రం పట్టుకుంటుంది. ఇది విడిగా ఇంకో టాపిక్ కింద పెడతాను, అక్కడికి రండి అందరూ.